దేవుడు లేని కట్టడానికి దిక్కెవరు?

నెల్లూరు జిల్లాలో చూడదగ్గ ప్రదేశాలు అని ఎవరు రాసినా జాబితా ఇంచుమించు ఒకటే. రంగనాయకుల స్వామి గుడి, జొన్నవాడ కామాక్షమ్మ, పెంచలకోన, ఉదయగిరి కోట, మైపాడు బీచి. 2022లో జిల్లా విడిపోయే దాకా పులికాట్ పక్షులు కూడా. కాస్త ఓపికున్నవాళ్లు ఏఎస్ పేట, కసుమూరు దర్గాలు కలుపుతారు. మా సంగం దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యం ఉంటే గొప్ప: పెన్న ఒడ్డున సంగమేశ్వరాలయం కలదు. ముంబై రోడ్డు మీద బస్సు ఆగితే టీ బాగుంటుందని కూడా రాయరు.

రాసేవాళ్లని అని ఏం లాభం? మా ఊళ్లోవాళ్లని అడిగినా అదే చెప్తారు. మొన్నామధ్య పెళ్లికొచ్చిన హైదరాబాదు చుట్టాలు "మీ ఊళ్లో చూడ్డానికి ఏముంది పెదనాన్నా?" అని అడిగితే మా పెదనాయన, "ఏముందమ్మా, గుడి ఉండాది. బ్యారేజీ కట్టినారు గదా, సాయంత్రం పూట చల్లగా ఉంటది, పోయి ఫొటోలు దిగండి" అన్నాడు. ఆయనది ఏటి నీళ్ల మీద బతికిన మాగాణి. తాతల నాటి నుంచి ఆ కయ్యలకి నీళ్లు మళ్లించిన పాత ఆనకట్ట మాట మాత్రం ఆయన నోట రాలేదు. గుర్తు లేక కాదు. అది చుట్టాలకి చూపించే వస్తువని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

మన దగ్గర ఒక పాత కట్టడానికి విలువ రావాలంటే అందులో దేవుడన్నా ఉండాలి, రాజన్నా ఉండి పోయుండాలి. దేవుడుంటే హుండీ, పాలకమండలి, బ్రహ్మోత్సవాల ఫ్లెక్సీలు. రాజుంటే పురావస్తు శాఖ బోర్డు, చుట్టూ కంచె. ఈ రెండూ లేకపోతే అది ఉత్త గవర్నమెంటు పని, పీడబ్ల్యూడీ వాళ్లు కట్టిందేదో. నా గొడవంతా ఇక్కడే. నెల్లూరు జిల్లాకి అసలైన వారసత్వ కట్టడాలు ఏవని నన్నడిగితే, గుళ్లకంటే కోటలకంటే ముందు పెన్న మీద కట్టిన ఆనకట్టలనీ వాటి కాలువలనీ చెప్తాను. వాటి తాలూకు పాత సామాను, పాత కాగితాలు, వాటి మీద బతికిన మనుషుల మాటలు ఇప్పుడు దాచకపోతే ఇంకో పదేళ్లకి దాచడానికి ఏమీ మిగలదు.

పెన్న సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, 597 కిలోమీటర్లు వచ్చి, మా జిల్లాలో ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో చాలా భాగం రాయలసీమ, వానలు సరిగా పడని నేల. అందుకని ఏడాదిలో ఎక్కువ నెలలు ఏట్లో కనపడేది ఇసకే. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను పడితే మాత్రం రాత్రికి రాత్రి గట్లు ఒరుసుకుంటూ దిగుతుంది. దిగినంత వేగంగా సముద్రంలోకి పోతుంది. ఇసకేరుగా ఉన్నప్పుడూ పైరుకి నీళ్లుండవు, పొంగినప్పుడూ ఉండవు.

ఆనకట్ట చేసేది ఈ రెండిటి మధ్య పని. అది డ్యాం లాగా నీళ్లు దాచదు. ఏటికి అడ్డంగా ఉండి నీటి మట్టాన్ని కొన్ని అడుగులు పైకెత్తుతుంది. ఎత్తిన నీళ్లు పక్కనున్న తూముల్లోంచి కాలువల్లోకి తిరుగుతాయి, మిగిలింది కట్ట మీదుగా పొర్లి కిందికి పోతుంది. చెప్పుకుంటే ఇంతే. కానీ ఇసక మీద అంత పొడవు రాతి కట్టడం నిలబెట్టడం, ప్రతి వరదా దాని కాళ్ల కింద ఇసక తోడేస్తుంటే నిలబెట్టుకుంటూ రావడం చిన్న విషయం కాదు.

నెల్లూరు దగ్గర మొదటి ఆనకట్ట 1850ల్లో కట్టారు. ఆ తర్వాత 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసిన కరువొచ్చింది. మన పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకునేది దాన్నే. అది తగ్గిన కొద్ది ఏళ్లకే, 1880ల్లో, సంగం దగ్గర రెండో ఆనకట్ట లేచింది. ఒక పక్క కనిగిరి రిజర్వాయరుకి, దాని కింద బుచ్చిరెడ్డిపాళెం, కోవూరు వైపు మాగాణికి నీళ్లు. ఇంకా ఇక్కణ్ణించే కావలి కాలువ, కనుపూరు కాలువ. ఇవాళ అధికారుల లెక్క ప్రకారం సంగం బ్యారేజీ కింద 3.85 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. నెల్లూరు బియ్యం అని మద్రాసులో అడిగి మరీ కొన్నారంటే, మొలగొలుకుల అన్నానికి అంత పేరొచ్చిందంటే, ఆ పేరులో ఈ ఆనకట్టల వాటా చాలా ఉంది. మొలగొలుకులు నెలల తరబడి చేలో ఉండే పంట. కాలువ మీద నమ్మకం లేని రైతు అంత కాలం పట్టే పంట వేసే ధైర్యం చెయ్యడు. తర్వాత రోజుల్లో నెల్లూరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన ఎన్ఎల్ఆర్ 34449, అదే మనం నెల్లూరు మసూరి అనేది, అదీ ఈ నీళ్ల మీదే పేరు తెచ్చుకుంది. ఇక్కడ ఇప్పటికీ దిగుబడి పుట్లలోనే చెప్పుకుంటారు, 850 కిలోల పుట్టి. ఎడగారుకి, అంటే రెండో పంటకి, నీళ్లిస్తారా లేదా అన్నది జిల్లాలో ఎన్నికలంత పెద్ద చర్చ. ఇదంతా గాల్లోంచి రాలేదు.

మా అమ్మ నాన్న, అంటే మా తాత, కాలువ లస్కరుగా చేశాడు. తూముల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం, గేజి చూసి రాయడం ఆయన పని. చిన్నప్పుడు సెలవులకి వచ్చి ఆయన వెంట తిరగడం నాకు సరదా. తూము మీద వరసగా ఇనుప దిమ్మెలు, ఒక్కో దాంట్లోంచి మరలు తిరిగిన నిలువు కడ్డీ. దానికి పొడుగు చేతులున్న ఇనుప తాళం తగిలించి ఇద్దరు మనుషులు గానుగ తిప్పినట్టు చుట్టూ తిరగాలి. ఒక చుట్టుకి తలుపు లేచేది తమలపాకు మందం. తాత మధ్యమధ్యలో ఆపి, వంగి, కింద నీళ్ల చప్పుడు వినేవాడు. కడ్డీ మీద ఎన్ని మరలు పైకొచ్చాయో లెక్క ఉండేది కానీ ఆయన నమ్మేది చెవినే. "తలుపు కింద చెత్త పడుంటే మరలు అబద్ధం చెప్తాయి, నీళ్లు చెప్పవు" అనేవాడు. కడ్డీలకి రాసే గ్రీజు వాసన ఆయన ధోవతికి ఉతికినా పోయేది కాదని మా అమ్మమ్మ గొణిగేది.

వర్షాకాలం రాత్రుళ్లు ఆయన ఇంట్లో పడుకున్నది తక్కువ. గోనెపట్టా తల మీద కప్పుకుని, లాంతరు పట్టుకుని గేజి రాయి దగ్గరికి పోయేవాడు. రాతి మీద చెక్కిన అడుగులు, అంగుళాలు. నీళ్లు ఏ గీత మీద ఉంటే అది బుక్కులో రాయాలి, పైవాళ్లకి చెప్పి పంపాలి. ఆయన రాసుకున్న సొంత నోటుబుక్కు ఒకటి మా ఇంట్లో ఉంది. రూళ్ల పుస్తకం, అట్ట చెదలు తిన్నది. లోపల పెన్సిలు రాత: ఉదయం 6 గంటలు, ఇన్ని అడుగులు ఇన్ని అంగుళాలు, తూర్పుగాలి, రెండు తలుపులు దించడమైనది. ఒక పేజీలో గేజి అంకెల మధ్యన "పెద్దదానికి జ్వరం తగ్గింది" అని ఉంది. పెద్దదంటే మా అమ్మ.

ఇది ఆయన ఇంటికి తెచ్చుకున్న చిత్తు కాపీ. అసలు రిజిస్టర్లు ఏమయ్యాయని చాలా ఏళ్ల తర్వాత నేను ఒక సెక్షను ఆఫీసుకి వెళ్లి అడిగితే, గది ఖాళీ చేసినప్పుడు పాత కాగితాలన్నీ తూకానికి వేసేశామని అక్కడి గుమాస్తా తాపీగా చెప్పాడు. ఆయన్ని అనేదేముంది? పాతికేళ్లు దాటిన కాగితం చెత్త అని ఆయనకి ఎవరో చెప్పారు. ఏ ఏడు ఏరు ఎంత ఎత్తున వచ్చింది, ఎన్ని గంటలు నిలబడింది, ఎప్పుడు తగ్గింది అనేది లస్కర్లు రాత్రుళ్లు నిద్ర మానుకుని రాసిన లెక్క. అదంతా పల్లీల పొట్లాలైపోయింది.

దీనికీ వారసత్వానికీ ఏం సంబంధం అనేవాళ్లకి 2021 నవంబరు గుర్తు చేస్తాను. ఆ వరదకి జాతీయ రహదారి తెగిపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, పొర్లుకట్టలు దాటి ఊళ్లలోకి నీళ్లొచ్చాయి. టీవీల్లో అందరూ కనీవినీ ఎరుగని వరద అన్నారు. వినలేదు నిజమే, వినిపించే పుస్తకాలు తూకానికి వేశాం కదా. పాత గేజి లెక్కలు ఊరి చేతిలో ఉంటే ఏ వీధి దాకా నీళ్లొచ్చే అవకాశం ఉందో ముందే ఒక అంచనా ఉండేది.

ఇంతకీ 2022 సెప్టెంబరు 6న సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ రెండూ ప్రారంభమయ్యాయి. మాది ఇప్పుడు మేకపాటి గౌతమ్ రెడ్డి బ్యారేజీ. బ్యారేజీ కావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. పాత ఆనకట్ట దెబ్బతిని, నీళ్లు ఎక్కడానికి ఇసక బస్తాలు వేసుకునే రోజులు నేనూ చూశాను. ఏటికి అవతల పొదలకూరు వైపు పోవాలంటే ఆనకట్ట మీద దారే దిక్కు, నీళ్లు పొర్లితే అదీ బంద్. పురిటి నొప్పులైనా, పరీక్షలైనా చుట్టు తిరిగి పోవాలి. ఇప్పుడు బ్యారేజీ మీద రోడ్డుంది. కానీ కొత్తదానికి రిబ్బను కత్తిరించిన రోజు నుంచీ పాతదాని ఊసెత్తినవాళ్లు లేరు. పాత ఇంటిని పడగొట్టి కొత్తది కట్టుకునేవాడు కూడా గడప చెక్కో దూలమో దాచుకుంటాడు.

ఇక్కడ నా మాటకి మూడు రకాల అడ్డు చెప్తారు. మొదటిది: అది తెల్లదొరలు కట్టింది, మన వారసత్వం ఎట్లా అవుతుంది? నిజమే, వాళ్లు మన మీద జాలితో కట్టలేదు. మాగాణి పెరిగితే శిస్తు పెరుగుతుంది, నీటి తీరువా వస్తుంది, కరువు పనుల ఖర్చు తగ్గుతుంది. లెక్క వాళ్లది. రాయి మాత్రం ఈ చుట్టుపక్కల కొండలది, మోసిన తలలు మనవి. గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి. మా వైపు అట్లా ఏ దొర పేరూ ఎవరి నోటా నిలవలేదు. మంచిదే అంటాను. ఒకాయన విగ్రహం పెట్టేసి దండేస్తే, పనిచేసిన వేలమంది ఆ దండ కింద పోతారు. నాకు దొర బొమ్మ అక్కర్లేదు.

రెండో అడ్డు ఎవరూ పైకి అనరు, నేనే అంటాను. నీళ్లు అందరి కయ్యల్లోకీ పారాయి, నిజమే. కయ్యలు అందరికీ ఉన్నాయా? ఆనకట్ట కింద మాగాణి ఎవరికుందో, అందులో నాట్లు వేసి కోతలు కోసింది ఎవరో సంగంలో ఎవరినడిగినా చెప్తారు. ఏటినీ కాలువలనీ అందరికంటే బాగా తెలిసిన యానాదులకి సెంటు భూమి లేదు. ఏరు తగ్గిన మర్నాడు ఆనకట్ట కింద గుంటల్లో నిలిచిన చేపల్ని వాళ్లు పట్టే తీరు చూడాలి. వల వేసేముందు నీటి మీద అరచెయ్యి ఆనించి ఊరుకునేవాళ్లు. పొర్లుకట్ట మీద గుడిసె, వరదొస్తే మొదట ఖాళీ చేసేదీ వాళ్లే. వారసత్వం అని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఇదీ చెప్పాలి, లేకపోతే అది సగం చరిత్ర.

గుళ్లకి మాత్రం ఈ లెక్క లేదా? నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి దళితుల్ని రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేశారు. ఆంధ్ర రాష్ట్రం కోసం చేసిన దీక్ష అందరికీ తెలుసు, ఇది చాలామందికి తెలీదు. ఆ గుడికి పోయినప్పుడు నాకు విగ్రహం కంటే గడప ముఖ్యంగా కనపడుతుంది. "ఈ తలుపు ఎప్పుడు, ఎవరి కోసం, ఎందుకు తెరిచారు" అని ఒక చిన్న పలక పెడితే గుడి విలువ తగ్గుతుందా?

అసలు గుడి ఉన్నంత మాత్రాన కట్టడం బతుకుతుందనేది కూడా ఉత్త మాటే. 2020 జూన్, కరోనా రోజులు. చేజర్ల మండలం పెరుమాళ్లపాడులో పెన్న ఇసక దిబ్బల్లో తవ్వుతుంటే నాగేశ్వరస్వామి గుడి శిఖరం బయటపడింది. పరశురాముడు ప్రతిష్ఠించిన గుడి అని ఊళ్లో చెప్పుకుంటారు. ఏరు పక్కకి జరిగి, ఇసక మేటేసి, తరాల కిందటే కప్పేసింది. ఇసకలో ఉందని పెద్దవాళ్లకి తెలుసు, మనవళ్లు పూనుకుని తీయించారు. ఆ వీడియోలు దేశమంతా తిరిగాయి. ఒక వారం అందరం పెన్న భక్తులమైపోయాం. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం వేరే విషయం. ఇన్నాళ్లూ ఆ గుడిని కాపాడింది ఇసక. ఏట్లో రీచుల పేరుతో టిప్పర్లకి ఎత్తుతున్నదీ ఆ ఇసకే. పైన 78 టీఎంసీల సోమశిల డ్యాం ఉంది కాబట్టి కొత్త ఇసక మునుపట్లా కిందికి రాదు. ఉన్నది తోడుకుంటే పోయినట్టే. మా చిన్నప్పుడు వేసవిలో ఏట్లో మోచేతి లోతు చెలమ తీస్తే తియ్యటి నీళ్లు ఊరేవి. ఆడవాళ్లు కొబ్బరి చిప్పతో తోడి బిందెలు నింపుకునేవాళ్లు. ఇప్పుడు అంత లోతున తడి కూడా తగలదు.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపానుకి ఏరొచ్చినప్పుడు ఇసక పనికి వాడే భారీ పడవ ఒకటి కట్లు తెంచుకుని సంగం బ్యారేజీ వైపు కొట్టుకొచ్చింది. గేట్లకి తగిలితే ఏమవుతుందోనని రాత్రంతా అధికారులకీ మాకూ ఒకటే టెన్షన్. చివరికి పట్టుకున్నారు, ప్రమాదం తప్పింది. ఏటిని గని లాగా చూస్తే ఆ గనిలో పనిముట్లే వచ్చి ఏటి కట్టడం మీద పడతాయి.

మూడో అడ్డు: పాత ఆనకట్టని వారసత్వం అనడం నీ పిచ్చి, ప్రపంచంలో ఎక్కడా లేదు. ఎక్కడో దాకా ఎందుకు, పక్కన కంభం ఉంది. గుండ్లకమ్మ మీద కట్టిన కంభం చెరువుని 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు. ఐసీఐడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చే గుర్తింపు ఇది. నూరేళ్లు దాటిన చెరువులు, కాలువలు, ఆనకట్టలకి ఇస్తారు. అదే ఏడు కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకీ, కేసీ కాలువకీ వచ్చింది. 2022లో ధవళేశ్వరానికి వచ్చింది. గమనించండి, ధవళేశ్వరంలో ఇప్పుడున్నది కాటన్ కట్టిన ఆనకట్ట కాదు, దాని స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ. పాతది పోయి కొత్తది వచ్చింది కాబట్టి చరిత్ర చెల్లదు అని అక్కడ ఎవరూ అనలేదు. పైగా పక్కనే మ్యూజియం పెట్టుకున్నారు.

పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు, వెయ్యి మంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్ల పని అని అందులో రాశారు. ఆరున్నర శతాబ్దాల కిందట కూలీల సంఖ్య రాతి మీద చెక్కించినవాళ్లకి ఉన్న ఇంగితం, గేజి బుక్కులు తూకానికి వేసిన మనకి లేదు. పాట సంగతి చూసినా అంతే. నెల్లూరు నేలిన మనుమసిద్ధికీ కాటమరాజుకీ పుల్లరి దగ్గర, అంటే పశువుల మేత పన్ను దగ్గర, యుద్ధం జరిగితే, ఖడ్గతిక్కన అందులో పడిపోతే, గొల్లలు ఆ కథని ఏడు వందల ఏళ్లు పాడుకుంటూ వచ్చారు. గడ్డి కోసం జరిగిన గొడవకి అంత పెద్ద కథ ఉంది. నీళ్లు తెచ్చిన కట్టకి ఒక్క పాట లేదు.

దేవుడూ రాజూ లేకపోయినా నిలబడ్డ చోటు ఒకటి మా ఏటి ఒడ్డునే ఉంది. ఇందుకూరుపేట మండలం పల్లిపాడు, పినాకినీ సత్యాగ్రహాశ్రమం. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య గార్లు నడిపారు. స్థలానికి పొణకా కనకమ్మ గారి చలవ. ఆవిడే 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. దక్షిణాఫ్రికాలో గాంధీకి స్నేహితుడైన రుస్తుంజీ పదివేలిచ్చాడు, ఆయన పేరుతోనే భవనం. ఆ ఆశ్రమం కూడా మధ్యలో పాడుబడింది, తర్వాత మళ్లీ బాగుచేశారు. ఇప్పుడు పిల్లలు విహారయాత్రలకి వెళ్తారు, జనం వస్తారు, ఎవరో ఒకరు రోజూ ఊడుస్తారు. గాంధీగారి అడుగు పడింది కాబట్టి అది దక్కిందని అనొచ్చు, కాదనను. కానీ బడి, రాట్నం, దళితులకి చదువు అనే పనులు జరిగిన చోటు అది. పని జరిగిన చోటు కూడా కట్టడంగా మిగలొచ్చని నేను ఒప్పుకున్నది అక్కడే.

నేను అడిగేవి పెద్ద పెద్దవి కావు. సంగంలో పాత కట్టడంలో మిగిలినంత మేర రాళ్లు పీకి ఇంకో పనికి వాడకుండా ఉంచాలి. పాత తూము ఒకటి, కడ్డీ, తాళం, దిమ్మెలతో సహా, పిల్లలు చేత్తో తిప్పి చూసేట్టు పెట్టాలి. అద్దాల పెట్టెలో వద్దు, తిప్పితేనే దాని బరువు తెలుస్తుంది. గేజి రాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి సున్నం గీతలు వేసి, పెద్ద వరదల మట్టాలు పక్కన రాయాలి. బ్యారేజీ పక్కన ఒక గది చాలు. అందులో మద్రాసు నాటి మ్యాపుల నకళ్లు, మిగిలిన రిజిస్టర్లు, లస్కర్ల పేర్లు. మొలగొలుకుల కంకి ఒకటి. యానాదుల చేపల బుట్ట ఒకటి, దాని పేరూ అల్లే పద్ధతీ వాళ్ల చేతే చెప్పించి. దీనికి కోట్లు అక్కర్లేదు, బ్రహ్మోత్సవాల ఫ్లెక్సీల ఖర్చులో కొంత చాలు.

గది తాళం ఎవరి దగ్గర ఉండాలన్నదే అసలు చిక్కు. ఆఫీసు దగ్గరుంటే సారు బదిలీ అయిన రోజు అది మూతపడుతుంది. టూరిజం వాళ్లకిస్తే ముందు టికెట్టు, తర్వాత బోటింగు. నా ఓటు నీటి సంఘాల రైతులకి, ఊరి హైస్కూలుకి కలిపి ఇవ్వడానికి. ఏటా నీళ్లు వదిలే రోజు కాలువకి పసుపు కుంకుమ, చీర పెట్టి కొబ్బరికాయ కొడతారు, నాయకులు వస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ రోజే గది తెరిచి, తొమ్మిదో తరగతి పిల్లల చేత ఆ ఏటి గేజి లెక్కలు బోర్డు మీద రాయిస్తే చాలు. హుండీ లేకపోయినా తిథి ఉంటే మనవాళ్లు మర్చిపోరు.

ఐసీఐడీ గుర్తింపుకి ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టాలి, కాగితాలు జోడించాలి. అది ప్రభుత్వం వైపు నుంచి పోవాల్సిన పని. ఎడగారు నీళ్ల లెక్క తేల్చడానికి జిల్లాలో ఐఏబీ, అంటే సాగునీటి సలహా మండలి, మీటింగు ఎట్లాగూ పెడతారు. ఎమ్మెల్యేలు, ఇంజనీర్లు, రైతు నాయకులు అందరూ ఒకే హాల్లో ఉండే రోజు అదొక్కటే. టీఎంసీల పంచాయితీ అయ్యాక, భోజనాలకి లేచేలోపు, ఐదు నిమిషాలు ఈ మాట ఎవరన్నా ఎత్తితే బాగుండు. మా పెదనాయన నీటి సంఘంలో తిరిగిన మనిషే. ఆయన్ని ఇప్పటికే సతాయిస్తున్నాను. "రాళ్లకి అర్జీ పెట్టమంటావేందిరా, నవ్వుతారు" అంటున్నాడు, కానీ మొన్న ఫోను చేసి పాత తూము తాళాలు ఎవరి కొట్టంలో పడున్నాయో కనుక్కున్నానని చెప్పాడు.

తాత నోటుబుక్కు నా దగ్గర భద్రంగా ఉంది. గది ఎక్కడో తేలి, తాళం ఎవరి దగ్గరుంటుందో తేలితే తెచ్చి ఇస్తాను. అందాకా ఫొటో కాపీలు కావాలన్నవాళ్లకి ఇస్తాను గానీ అసలుది మాత్రం ఏ ఆఫీసుకీ ఇవ్వను.